పదకొండో తరగతి ఫారంలో ఒక గడి
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ప్రతి ఏడూ సొసైటీ సంగతులే మాట్లాడమంటారు. నూలు ధర, రిబేటు బాకీ, గోదాములో పేరుకున్న సరుకు. అవి మీకు తెలియనివి కావు. ఈసారి నేనే అడిగి విషయం మార్చుకున్నాను. ఎకనామిక్స్ డిగ్రీలో, అందులోనూ లెక్కలు ఎక్కువ ఉండే ఎకనామిక్స్ డిగ్రీలో మన పిల్లలు ఎట్లా చేరాలి, చేరినాక ఎట్లా బయటపడాలి అన్నది ఇవాళ నా విషయం. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడు డిగ్రీ గురించి చెప్తాడట అని కొందరు నవ్వుకుంటున్నారు, నాకు ఇక్కడి నుంచి కనబడుతున్నది. నవ్వండి. నాకు ఈ సంగతి చదువుకుంటే తెలిసింది కాదు, దెబ్బ తిని తెలిసింది.

మా పెద్ద మనవరాలు పదో తరగతి, మా దిక్కు దహావి అంటాం, మంచి మార్కులతో పాసైంది. లెక్కల్లో అయితే అన్నిటికన్నా ఎక్కువ వచ్చినయి. సైన్సు వద్దు, కామర్స్ తీసుకుంటానన్నది. సరే అన్నాము. వాళ్ళ నాన్న భివండిలో పవర్‌లూమ్ షిఫ్టులో ఉన్నాడు, రాలేడు. కాలేజీకి నేనే పోయిన. మహారాష్ట్రలో పదకొండో తరగతి కామర్స్ ఫారంలో ఒకచోట రెండు గళ్ళు ఉంటయి. ఒకటి గణితం, రెండోది ఎస్.పి., అంటే సెక్రటేరియల్ ప్రాక్టీస్. చాలా కాలేజీల్లో ఈ రెండింట్లో ఒకటే తీసుకోవాలి. కౌంటర్ లోపల కూర్చున్నాయన పోరి మొహం చూసిండు, నా మొహం చూసిండు. "ఆజోబా, గణితం బరువు. ఎస్.పి. అయితే మార్కులు పడతయి" అన్నడు. పిల్ల నా వైపు చూసింది. నేను, ఆయనకు తెలియదా ఏంది, రోజూ చూసేటోడే గదా అనుకున్న. ఎస్.పి. గడిలో టిక్కు పెట్టించి కింద సంతకం చేసిన. మొత్తం రెండు నిమిషాల పని.

ఏడాదిన్నర తర్వాత, పన్నెండో తరగతిలో ఉండగా, ఆ పిల్ల ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ ఎకనామిక్స్ చదువుతానన్నది. దానికి కారణం కొంత నేనే. ఆదివారాలు సొసైటీ లెక్కల పుస్తకాలు నాతో కూర్చొని రాసేది. కూలి రేట్ల పట్టిక చూసి "తాతా, ఈ రేటు ఎవరు పెట్టిన్రు? ఎట్లా పెట్టిన్రు?" అని అడిగేది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు దొరికే చదువు ఎకనామిక్స్ అని వాళ్ళ మేడం చెప్పింది. అప్పుడు నియమాలు తీసి చదివితే, ప్రవేశ పరీక్షలో గణితం పేపరు తప్పనిసరి అని ఉన్నది. పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టుల్లోనే ఆ పరీక్ష రాయాలని కూడా ఉన్నది. మా పిల్ల దగ్గర ఎస్.పి. ఉన్నది, గణితం లేదు. కాలేజీకి పోయి అడిగితే పదకొండులో లేని సబ్జెక్టు పన్నెండులో మధ్యలో ఇయ్యం అన్నరు. మగ్గం పని తెలిసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పడుగు తక్కువ పోగులతో చుట్టి బీము ఎక్కించినాక, పేక ఎంత గట్టిగా కొట్టినా పన్నా పెరగదు.

ఇక్కడ ఒక పాత ముచ్చట చెప్పాలి. పుణేలో గోఖలే రాజకీయ, ఆర్థిక శాస్త్ర సంస్థ ఉంది. 1930లో పెట్టారు. మొదటి డైరెక్టర్ డి.ఆర్. గాడ్గిల్ గారు, తర్వాతి కాలంలో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు అయినాయన. ఆ సంస్థ 1947లో ఒక పుస్తకం అచ్చు వేసింది. రాసినాయన ఆర్.జి. కాకడే. పుస్తకం దేని గురించి అంటే సోలాపూర్‌లో నేత కులాల సామాజిక, ఆర్థిక పరిస్థితి గురించి. అంటే మా తాతల గురించి. అప్పటికి మా నాయన పన్నెండేళ్ళ పిల్లగాడు, కండెలు చుట్టేవాడు. ఇంగ్లీషు పుస్తకం గనక మా ఇంట్లో ఎవరూ చదవలేదు. మొన్న మా మనవరాలు ఇంటర్నెట్‌లో దాని సంగతి చూసి చెబితేనే నాకు తెలిసింది. ఇప్పుడు అదే సంస్థలో బి.ఎస్సీ. ఎకనామిక్స్ అని డిగ్రీ కోర్సు నడుస్తున్నది. సోలాపూర్ నుంచి పుణేకు పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకుంటాం. మన ఇంటికి వచ్చి లెక్కపెట్టి పోయినవాళ్ళ బడి అంత దగ్గర ఉన్నది.

మనల్ని లెక్కపెట్టడం ఇప్పటికీ ఆగలేదు. 2009-10 చేనేత గణనలో దేశం మొత్తం మీద చేనేత, అనుబంధ పనివాళ్ళు 43 లక్షల పైన. 2019-20 గణనకు వచ్చేసరికి 35 లక్షల పైచిలుకు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల దాకా నెలకు 5 వేల లోపు ఆదాయం వాళ్ళే అని ఆ గణనే చెప్పింది. పనివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఈ అంకెలు చూసి పథకం రాసేవాళ్ళు, కూలి రేటు లెక్క కట్టేవాళ్ళు, 1985 రిజర్వేషన్ చట్టం కింద ఏ రకం బట్ట చేమగ్గానికి ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చేవాళ్ళు ఎక్కడినుంచో ఊడిపడరు. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివి వస్తారు. యు.పి.ఎస్.సి. పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు ఎకనామిక్స్‌లోనో దాని దగ్గరి సబ్జెక్టులోనో పి.జి. ఉండాలి. ఆ పి.జి.కి గట్టి మెట్టు ఈ డిగ్రీ. ఇన్నేళ్ళలో ఎన్నో కమిటీల ముందు కూర్చున్నాను. అటువైపు కుర్చీలో మన మగ్గం గుంటలో కాలు పెట్టిన ఇంటి బిడ్డ ఒక్కరన్నా నాకు తగల్లేదు.

సరే, నియమాలకు వద్దాం. ఢిల్లీ విశ్వవిద్యాలయాన్నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దాని కాగితాలు మా ఇంట్లో అందరం నూరుసార్లు చదివినం.

అక్కడ చేరడానికి పన్నెండో తరగతి పాసై ఉండాలి, ఆపైన సి.యు.ఇ.టి. అనే పరీక్ష రాయాలి. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఇదే దారి. పన్నెండులో 95 శాతం వచ్చిందా, 70 వచ్చిందా అన్నదాన్ని బట్టి సీటు రాదు, ఈ పరీక్ష మార్కులను బట్టి వస్తుంది. ఎకనామిక్స్ ఆనర్స్‌కు నాలుగు పేపర్లు లెక్కలోకి తీసుకుంటారు. ఒక భాష, గణితం, ఇంకా వాళ్ళ జాబితాలోని ఏవైనా రెండు సబ్జెక్టులు. ఇప్పటి పద్ధతిలో ఒక్కో పేపరులో 50 ప్రశ్నలు, గంట సమయం. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. పేపరుకు 250, నాలుగూ కలిపి 1000. అంటే పావు వంతు గణితమే. గుడ్డిగా గీకితే ఉన్నది కూడా పోతది.

మన వాళ్ళకు తెలియని మాట ఒకటుంది. ఈ పరీక్ష 13 భాషల్లో పెడుతున్నారు, అందులో తెలుగు ఉంది, మరాఠీ, కన్నడ, తమిళం, ఒడియా కూడా ఉన్నయి. ఇంగ్లీషు రాదని ఫారమే నింపకుండా ఆగిపోవద్దు. కానీ లోపల చేరినాక ఎకనామిక్స్ పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటయి. అది మాత్రం దాచిపెట్టను.

ఐఐటీల్లో కూడా, బొంబాయిలో, కాన్పూరులో, ఎకనామిక్స్‌లో బి.ఎస్. ఉంది. దానికి జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ రాయాలి. ఆ పరీక్షలో గణితంతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటయి గనక అది సైన్సు పిల్లల దారి. కామర్స్, ఆర్ట్స్ పిల్లలు దాని వెంట పడి ఏడాది పోగొట్టుకోవద్దు. బెంగళూరులో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఎకనామిక్స్‌కే ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం ఉంది, కర్ణాటక బంధువులు అది చూసుకోవాలి. ఏ సంస్థ అయినా ఆ ఏడాది ప్రాస్పెక్టస్ తెచ్చుకొని చదవాలి. పోయినేడు చేరిన పిల్లగాని మాట పట్టుకొని పోవద్దు, నియమాలు ఏటా కొంచెం కొంచెం జరుగుతుంటయి.

ఒక్కో రాష్ట్రంలో ఈ గణితం గడి ఒక్కో పేరుతో ఉంటుంది. మహారాష్ట్రలో ఆర్ట్స్ పిల్లలు కూడా గణితం తీసుకోవచ్చు, బోర్డులో ఆ వీలు ఉంది. అయితే కాలేజీలో ఆ క్లాసు నడుపుతున్నారా అని ముందే అడగాలి. తమిళనాడులో ప్లస్ వన్ గ్రూపుల్లో బిజినెస్ మ్యాథ్స్ ఉన్న కామర్స్ గ్రూపు వేరు, అది లేనిది వేరు. కర్ణాటకలో పి.యు.సి. కామర్స్‌లో బేసిక్ మ్యాథ్స్ ఉన్న కాంబినేషన్లు ఉన్నయి. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న మన చుట్టాల పిల్లలకైతే ఇంటర్‌లో ఎం.ఇ.సి., సి.ఇ.సి. అని రెండు. మొదటి దాంట్లో గణితం ఉంది, రెండో దాంట్లో దాని చోట సివిక్స్ ఉంది. ఒక్క అక్షరమే తేడా. సి.బి.ఎస్.ఇ.లో మ్యాథమెటిక్స్, అప్లైడ్ మ్యాథమెటిక్స్ అని రెండున్నయి. సి.యు.ఇ.టి.లో ఆ రెండింటికీ కలిపి ఒకే పేపరు. బిజినెస్ మ్యాథ్స్, బేసిక్ మ్యాథ్స్ లాంటి పేర్లున్నచోట మాత్రం, చేరదలచుకున్న విశ్వవిద్యాలయానికి ముందే ఈ-మెయిల్ రాసి, దీన్ని గణితం కింద ఒప్పుకుంటారా అని అడిగి, జవాబు కాగితం దాచిపెట్టుకోండి. నోటి మాట పనికిరాదు. నేను నోటి మాట నమ్మే చెడిపోయిన.

కాగితాల సంగతి ఇంకొకటి. కేంద్ర సంస్థల్లో ఓ.బి.సి. కోటా 27 శాతం. కానీ మన రాష్ట్రంలో తీసుకున్న కులం సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్రం నమూనాలో నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది. ఆదాయ పరిమితి 8 లక్షలు. మన కులం పేరు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా రాస్తారు గనక, మీ రాష్ట్రం కింద కేంద్ర జాబితాలో ఏ పేరు ఉందో అదే పేరు సర్టిఫికెట్ మీద ఉందా అని చూసుకోండి. మా దిక్కు ఇంటిపేరు చివర రాస్తారు, ఆంధ్ర దిక్కు ముందు రాస్తారు. పదో తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు ఉంటే ఫారం నింపేనాడు తలనొప్పి. ఇది ఇప్పుడే, పిల్ల తొమ్మిదిలో ఉండగానే సరిచేయించుకోవచ్చు.

చేరడం సగం పనే. డిగ్రీ చేతికి రావడం మిగతా సగం.

ఇప్పుడు కొత్త పద్ధతిలో అంతా క్రెడిట్ల లెక్క. పెద్ద పేపరు ఒక్కోటి 4 క్రెడిట్లు. ఢిల్లీలో సెమిస్టరుకు 22 క్రెడిట్లు, ఏడాదికి 44. ఒక ఏడాది చదివి ఆగిపోతే సర్టిఫికెట్, రెండేళ్ళకు 88 క్రెడిట్లతో డిప్లొమా, మూడేళ్ళకు 132తో ఆనర్స్ డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివి 176 పూర్తి చేస్తే నాలుగేళ్ళ డిగ్రీ. నాలుగో ఏడులో పరిశోధన వ్యాసమో ప్రాజెక్టో ఉంటుంది. ఇంటి పరిస్థితి బాగోలేక మధ్యలో వదిలినవాళ్ళు మళ్ళీ వచ్చి కలుపుకోవచ్చు, మొత్తం 7 ఏళ్ళ లోపల ముగించాలి. మన ఇళ్ళల్లో ఇది పెద్ద ఊరట. నాన్న మంచాన పడితే పిల్లగాడు ఏడాది ఇంటికి వస్తడు, చదివింది గంగలో కలవదు.

మొదటి సెమిస్టరులోనే మూడు ఎకనామిక్స్ పేపర్లు. ఒకటి సూక్ష్మ అర్థశాస్త్రం, రెండోది గణిత పద్ధతులు, మూడోది స్టాటిస్టిక్స్. మూడింట్లో రెండు లెక్కలే చూడండి. తర్వాతి సెమిస్టర్లలో ఎకనోమెట్రిక్స్ వస్తుంది. గణితం పన్నెండులో ఎందుకు అడుగుతున్నరో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. కావాలని అడ్డం పెట్టింది కాదు.

ఈ పేర్లు విని భయపడే వాళ్ళకు నాకు తెలిసిన భాషలో చెప్తాను. నలభై నంబరు నూలు అంటే ఏంటి? 840 గజాల చిలపలు నలభై కలిపితే ఒక పౌను తూగాలి. మన సొసైటీకి నూలు వస్తే అన్ని చిలపలూ తూచం. బండిల్‌కు కొన్ని తీసి తూస్తాం. ఎన్ని తీస్తే మొత్తం సరుకును నమ్మొచ్చు, ఎంత తేడా వస్తే మిల్లుకు తిప్పి పంపాలి అన్నది నేను అనుభవం మీద చెప్తాను, ఒక్కోసారి తప్పు చెప్తాను. స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల లెక్కకట్టి చెప్తది. ఇంకొక చీర ఎక్కువ నేస్తే ఖర్చు ఎంత పెరుగుతది అన్నదానికి గణిత పద్ధతులు. నేతగాని చేతికి వచ్చేది తగ్గింది, అందులో నూలు ధర వల్ల తగ్గింది ఎంత, పండగ సీజన్ పోవడం వల్ల ఎంత అని విడదీయడం ఎకనోమెట్రిక్స్. మా మనవరాలు ఈ మాట చెప్పినప్పుడు నేను రెండు నిమిషాలు మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళుగా అధికారులతో నేను చేస్తున్న కొట్లాట అదే. వాళ్ళు సీజన్ అంటరు, నేను నూలు అంట. ఇద్దరి దగ్గరా లెక్క లేదు.

మా సొసైటీ సభ్యుడి కొడుకు ఒకడు గణితం తీసుకొని, సి.యు.ఇ.టి. రాసి ఢిల్లీలో చేరిండు. చేరిన రోజు పేటంతా పేడాలు పంచినం. మొదటి సెమిస్టరులో గణిత పద్ధతుల పేపరు తప్పిండు. తెలుగు మీడియం బడి నుంచి పోయినోడు, పాఠం అర్థం కావడానికే రెండు నెలలు పట్టింది. మొదటి సెమిస్టరు పేపరు మళ్ళీ మొదటి సెమిస్టరు పరీక్షలప్పుడే వస్తుంది, అంటే ఏడాది ఆగాలి. ఆ ఏడాదంతా మెడ మీద రాయి పెట్టుకున్నట్టే ఉన్నడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రెండోసారి పాసైనాక చెప్పిండు. ఎట్లా గట్టెక్కినవురా అంటే, "క్లాసు మానలేదు తాతా, సీనియర్లతో కూర్చొని పాత పేపర్లు చేసిన" అన్నడు. అక్కడ హాజరు మూడింట రెండు వంతులు ఉండాలన్న నియమం కూడా ఉంది. పండక్కి వచ్చి పదిహేను రోజులు ఉండిపోయే పిల్లలు ఇది గుర్తు పెట్టుకోవాలి. తల్లిదండ్రులకు కూడా చెప్తున్న, ఒక పేపరు తప్పితే కొంప మునగదు. తప్పినానని ఇంట్లో చెప్పుకోలేకపోతేనే పిల్లగాడు ఒంటరి అయితడు.

ఖర్చు మాట అడుగుతారు. కాలేజీ ఫీజు కంటే ఢిల్లీలో ఉండే గది, తిండి ఎక్కువ. హాస్టలు అందరికీ దొరకదు. మన సమాఖ్య విద్యానిధి మెడిసిన్, ఇంజినీరింగ్ వాళ్ళకే ఇస్తున్నది. అందులో ఇద్దరి పాలు ఈ చదువుకు తీయమని అధ్యక్షుల వారిని ఈ మైకులోనే అడుగుతున్న. పక్కకు పిలిచి తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోను.

మా మనవరాలి సంగతి ఏమైంది అని ఇందాక ఒకావిడ అడిగింది. బి.కాం. రెండో ఏడు చదువుతున్నది, మా ఊళ్ళోనే. బాగానే చదువుతది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంటది. ఈ ప్రసంగంలోని అంకెలన్నీ ఆమె చూసి దిద్దినవే.

వాళ్ళ తమ్ముడు ఈ ఏడు పదో తరగతి. ఫలితాలు వచ్చినాక, ఫారాలు నింపే రోజుల్లో, ప్రతి ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా మా సొసైటీ ఆఫీసులో ఆమె కూర్చుంటానన్నది. సోలాపూర్, భివండి వాళ్ళు పిల్లల మెమో, కాలేజీ ఫారం తీసుకొని రండి. సంతకం పెట్టకముందు రండి. దూరం వాళ్ళు ఫారం ఫోటో తీసి పంపినా చాలు, సబ్జెక్టుల పేజీ కనబడేటట్టు తీయండి. మీ మీ ఊళ్ళలో కూడా ఇట్లా ఒకరిని కూర్చోబెట్టమని ఆయా సొసైటీల కార్యదర్శులకు నా మనవి. పేర్లు ఇవాళ భోజనాల తర్వాత నేను రాసుకుంటాను, పుస్తకం తెచ్చుకున్న.